కాలూ చెయ్యీ ఎప్పుడు పడిపోయాయి?

కరోనా రావడానికి ముందు ఏడాది ఎండాకాలం. అప్పుడు నేను జమ్మలమడుగులో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో స్టాఫ్‌నర్సుని. సొంతూరు పులివెందుల. నాకు నోరు కాస్త ఎక్కువ, అందుకే పేషెంట్ల బంధువులతో మాట్లాడే పని ఎప్పుడూ నా నెత్తినే పడేది. మా దగ్గర స్కానింగ్ లేదు. పెద్ద కేసు ఏదొచ్చినా రిఫరల్ లెటర్ రాసి ప్రొద్దుటూరు పంపడమే. రిఫరల్ లెటర్ అంటే పేషెంటుకు ఏమైంది, ఎప్పుడైంది, మేం ఏం చేశాం అని అవతలి డాక్టరుకు ఇంగ్లీషులో రాసి పంపే కాగితం. సంతకం డాక్టరుగారిది, రాత ఎక్కువగా నాది.

ఒకరోజు పొద్దున ఓపీ నిండుగా ఉన్న వేళ మస్తాన్ అనే ఆయన్ని ఆటోలోంచి ఎత్తుకొచ్చారు. కడప బండలకు పాలిష్ పట్టే పని ఆయనది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మూతి పక్కకు లాగేసింది, మాట లేదు. కళ్లు మాత్రం మా ముఖాలే చూస్తున్నాయి. వెంట భార్య షమీమ్, ఆమె అన్న రసూల్ వచ్చారు.

"ఎప్పుడైంది?" అన్నారు డాక్టరుగారు.

"ఇప్పుడే సార్. అరగంట కూడా కాలే," అన్నాడు రసూల్.

డాక్టరుగారి ముఖంలో ఆశ కనిపించింది. మెదడు నరంలో గడ్డ అడ్డుపడి కాలూ చెయ్యీ పడిపోతే, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఒకటుంది. నాలుగున్నర గంటల లోపు ఇస్తే పడిపోయిన చెయ్యి మళ్లీ లేచే అవకాశం ఉంటుంది. ఆలస్యంగా ఇస్తే అదే మందు మెదడులో రక్తం కారేట్టు చేసి ప్రాణం తీయవచ్చు. నన్ను లెటర్ రాయమని, ఆయన ప్రొద్దుటూరుకు ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లారు.

బీపీ చూద్దామని మస్తాన్ చొక్కా చేతిని పైకి మడిచాను. మోచేతి నుంచి భుజం దాకా రక్తం ఎండిపోయి నల్లగా అట్టగట్టి ఉంది. గాయం ఎక్కడా లేదు. చంకలో బూడిద రంగు ఈక ఒకటి అంటుకొని ఉంది.

"పావురాన్ని యాడ కోసినారు?" అన్నాను.

రసూల్ గోడ వైపు చూశాడు. షమీమ్ ఏడ్చేసింది. "ఊర్లో పెద్దోళ్లు చెప్పినారు మేడం. వేడి రక్తం పూస్తే నరం లేస్తాదంట. పావురం ఊర్లో దొరకలే, యాడికో పోయి తెచ్చినారు."

మా వైపు ఇది కొత్త కాదు. పక్షవాతం వస్తే ముందు పావురం రక్తం, తర్వాతే ఆసుపత్రి. డాక్టర్లు తిడతారని ఆ మధ్య జరిగిన సమయాన్ని మింగేస్తారు. వేరే రోజైతే నేనూ గట్టిగానే వాయించేదాన్ని. ఆ రోజు తిడితే అసలు టైమ్ దాచేస్తారేమోనని తిట్టడానికి కూడా భయమేసింది.

"షమీమ్, నిజం చెప్పు. మనిషి బాగుండంగా నువ్వు చూసింది ఎప్పుడు?"

"రాత్రి బువ్వ తిని మిద్దె మీదికి పండుకోను పోయినాడు. తెల్లారి ఎంతసేపటికీ దిగకపోతే నేనే పోయి చూసినా. అప్పటికే ఇట్ల ఉండాడు."

"మధ్యలో మాటగానీ, అలికిడిగానీ?"

"తెల్లారుజామున దగ్గినట్ల వినిపించింది మేడం. ఆయనదో, పక్క మిద్దె మీదోళ్లదో తెలీదు."

"ఆయనదే అని చెప్పు," అని రసూల్ పళ్లు బిగించి అన్నాడు. నా వైపు తిరిగి, "గంటైందని రాయి మేడం. ఆటోవాడు చెప్పినాడు, టైమ్ దాటితే ఆ సూది వెయ్యరంట. వాని చెయ్యి పోతే బండ మీద పనెట్ల చేస్తాడు? ఒక్క మాటే కదా, నీ సొమ్మేం పోతాది?"

రిఫరల్ లెటర్‌లో 'లాస్ట్ సీన్ వెల్' అని రాస్తాం. మనిషిని ఆఖరుసారి బాగుండగా ఎవరు, ఎప్పుడు చూశారు అని దాని అర్థం. పడిపోయినట్టు ఎప్పుడు కనుక్కున్నారన్నది లెక్కలోకి రాదు. ఆ లెక్కన మస్తాన్‌కు మిగిలింది రాత్రి భోజనం వేళ, లేకపోతే ఒక దగ్గు. పడిపోయిన మనిషి కూడా దగ్గగలడు.

నేను కడపలో పనిచేసిన రోజుల్లో, ఆలస్యంగా ఆ ఇంజెక్షన్ పడిన ఒక పెద్దాయన్ని చూశాను. కాసేపటికే తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, ఆ తర్వాత కళ్లు తెరవలేదు. పెన్ను పట్టుకున్నంతసేపూ ఆ ముఖమే నా కళ్లముందు ఉంది. అబౌట్, అప్రాక్సిమేట్లీ అనే మాటలు అంతవరకూ ఎన్ని లెటర్లలో రాశానో. 'సుమారు' అంటున్నాం కదా, అబద్ధం కాదులే అనిపించేది. కానీ 'సుమారు గంట' అని నేను రాస్తే ప్రొద్దుటూరు డాక్టరు కంటికి ఆ గంటే కనబడుతుంది. మస్తాన్ ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

చివరికి ఇట్లా రాశాను: "ఆన్‌సెట్ టైమ్ నాట్ నోన్. లాస్ట్ సీన్ వెల్ బై వైఫ్ ఎట్ డిన్నర్, ప్రీవియస్ నైట్. షీ మే హావ్ హర్డ్ హిమ్ కాఫ్ బిఫోర్ డాన్, బట్ ఈజ్ నాట్ షూర్." ఎప్పుడు మొదలైందో తెలియదు. భార్య బాగుండగా చూసింది ముందురోజు రాత్రి భోజనం వేళ. తెల్లవారకముందు దగ్గు విన్నదేమో, ఆమెకూ గట్టిగా తెలియదు.

రసూల్‌కు చదవడం రాదు గానీ నేను రాసింది తనడిగిన ఒక్క మాట కాదని తెలిసిపోయింది. "నీ మొగుడైతే ఇట్లనే రాస్తావా? వానికేమన్నా అయితే నిన్ను ఊరికే ఇడ్సను," అన్నాడు. నేను లెటర్ తీసుకెళ్లి డాక్టరుగారి చేతికిచ్చాను. ఆయన చదివి సంతకం పెట్టారు. అంబులెన్సు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ప్రొద్దుటూరు నుంచి డాక్టరు ఫోన్ చేశారు. స్కాన్‌లో రక్తం కారలేదని తేలింది, టైమ్ తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చే ధైర్యం మాత్రం చేయలేనన్నారు. మస్తాన్ బతికాడు. కాలు కొంత వచ్చింది, కర్ర పట్టుకొని నడుస్తాడు. మాటలు నాలుగు వచ్చాయి. కుడిచెయ్యి రాలేదు.

వానలు పడ్డాక షమీమ్ ఒక్కతే బీపీ మాత్రల కోసం వచ్చింది. రసూల్ వెనకాల ఉన్నాడేమోనని తలుపు వైపు చూశాను. మాత్రలు తీసుకొని కూడా ఆమె కదల్లేదు.

"మేడం, ఆ దగ్గు ఆయనదే అని నేను గట్టిగా చెప్పింటే సూది వేసేవాళ్లా? చెయ్యి వచ్చేదా?"

వచ్చేది కాదు అంటే ఆమెకు ఊరట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదమ్మా," అన్నాను. "చెయ్యి వచ్చేదేమో. ప్రాణమే పోయేదేమో. నాకు నిజంగా తెలీదు."

"అందరూ తెలుసనే చెప్తాండారు మేడం. మా అన్న వచ్చేదంటాడు, మా అత్త రాదంటాది. నువ్వొక్కదానివే నా మాదిరి తెలీదంటివి," అని, ఆమె నా పక్కన బెంచీ మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది.

తెలియదని ఇంగ్లీషులో రాయడం నాకు వృత్తి నేర్పింది. ఆ మాట అవతలి మనిషి కళ్లలోకి చూసి తెలుగులో చెప్పాలని షమీమ్ నేర్పింది. ఇప్పుడు అంబులెన్సు కదిలే ముందు ఇంటివాళ్లను పక్కకు పిలిచి, నేను రాసింది వాళ్ల మాటల్లో చెప్పి పంపుతాను. కొందరు తిడతారు. భయమైతే ఇప్పటికీ వేస్తుంది.