ఆడవాళ్ళ గదులు తూర్పున, మగవాళ్ళవి పడమర

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. అయినవాళ్ళు లేని ముసలివాళ్ళు తలదాచుకోవడానికి గాజువాక అవతల ఒక భవనం కట్టాలని పట్నంలో పెద్దమనుషులు కొందరు సంఘం పెట్టారు. నేను పోర్టులో డ్రాఫ్ట్స్‌మన్‌ని, గోదావరి జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. గీత చక్కగా గీస్తానని పేరు. ఆ పేరుతోపాటు కాస్త పొగరు కూడా ఉండేది. ప్లాను నన్నే గియ్యమన్నారు సంఘం ప్రెసిడెంటుగారు. ముందు వెళ్ళి, ఆ ముసలివాళ్ళకి ఏం కావాలో అడిగి రాసుకు రమ్మన్నారు.

ఒక ఆదివారం ఫారాలు పట్టుకుని వాళ్ళుంటున్న చోటికి వెళ్ళాను. గడప గడపకీ తిరగడానికి బద్ధకించి, అందరినీ ఒక ఇంటి ముందు పోగేసి, అందరికీ వినపడేలా ఒక్కొక్కరినీ అడిగాను. మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉండాలి, పగలు కూర్చుని కబుర్లాడుకోవడానికి హాలు కావాలా, ఇలాంటివి. వాళ్ళలో ఒకే ఒక్క జంట ఉంది. ముసలాయనకి చూపు లేదు. ఆవిడ ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, తను వెళ్ళి ఆడవాళ్ళలో కూర్చుంది.

"మామ్మా, మీ ఇద్దరికీ కలిపి ఒక గది కావాలా, ఆడవాళ్ళతో ఉంటావా?" అని గట్టిగా అడిగాను.

ఆడవాళ్ళంతా కిసుక్కుమన్నారు. ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"సీ, ఏటి బాబూ ఆ మాటలు! ఈ వొయిసులో మాకు యేరే గదేటి? నాను ఆడోల్లతోనే ఉంతాను."

నేనూ నవ్వేసి, ఫారంలో 'విడిగా' అని రాసుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి ఇదంతా తమాషాగా చెప్పాను. ఆమె నవ్వలేదు. "నలుగురిలో అడిగితే ఏ ఆడది అవునంటుందండీ? మళ్ళీ వెళ్ళి, పక్కకి పిలిచి అడగండి" అంది. ఆ మాట చురుక్కున తగిలింది. అయినా వెళ్ళలేదు. తూర్పున ఆడవాళ్ళ గదులు, పడమర మగవాళ్ళవి, మధ్యలో గోడ, భోజనాలు ఎటువాళ్ళకి అటే. అప్పటికే ప్లాను నా తలలో ముచ్చటగా కుదిరిపోయింది. ఒక్క జంట కోసం దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. "మీరు గీసిందే గీత కదా" అని ఆమె ఊరుకుంది. ఇప్పుడిది రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

భవనం లేచింది. అందరూ చేరారు. రెండు నెలలకి, హాలు పైకప్పు ఉరుస్తోందంటే ప్రెసిడెంటుగారితో కలిసి చూడ్డానికి వెళ్ళాను. ఆ ముసలావిడ మాకు ఎదురొచ్చి చేతులు జోడించింది.

"బాబూ, ఆ ముసిలోడికి కంచంలో ఏది ఏపునుందో తెల్దు. నానే సెయ్యట్టుకుని సూపించీదాన్ని. సేపకి ముల్లు తీసి ఎట్టీదాన్ని. అటేపు ఎవులు సేత్తారు? తిండి మానీసినాడు. ఆ సామాన్ల గదైనా సరే, మా ఇద్దరికీ ఇప్పించండి."

ప్రెసిడెంటుగారు నావైపు తిరిగారు. "ఏమయ్యా, వీళ్ళని అడగలేదా?"

అడగకూడని చోట అడిగానండీ అంటే సరిపోయేది. నేను నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది.

"ఆ బాబు తప్పేటీ నేదండి. అడిగినారు. నానే వొద్దన్నాను. తప్పు నాదే."

"మరింకేం? ఒకళ్ళకి మారిస్తే అందరూ అడుగుతారు" అన్నారాయన. నేను తల ఊపాను.

ఆ వారంలోనే ఆవిడ ముసలాయన్ని తీసుకుని వెళ్ళిపోయింది. సింహాచలం కొండ కింద ఉంటున్నారని ఎవరో చెబితే, ఒక రోజు సెలవు పెట్టి బస్సెక్కాను. మెట్లకి కాస్త ఇవతల, ఒక దుకాణం నీడలో కనిపించారు. ఎవరో పెట్టిన పులిహోర ఆకు ఆయన ముందు ఉంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆకు మీదికి జరుపుతోంది. మీ ఇద్దరికీ ఎలాగైనా ఒక గది ఇప్పిస్తానని చెబుదామనే వెళ్ళాను. పది అడుగుల దూరంలో ఆగిపోయాను. నన్ను చూస్తే ఆవిడ లేచి నిలబడి, మళ్ళీ తప్పు తనదేనంటుంది. నేను మళ్ళీ తల ఊపుతాను. నా సంగతి నాకు తెలుసు. వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.