రాజవ్వ పాలలో విషం లేదు

నా మెడలో ఇప్పుడు ఏ దారమూ లేదు. తీసి పారేసి పదేళ్లు దాటింది. అయినా స్నానం చేసేటప్పుడు చెయ్యి మెడ మీదికి పోయి ఒక్క క్షణం ఆగుతుంది. ఈ పదేళ్లలో నేను కడుపునిండా తిన్నాను, నవ్వాను, పెళ్లిళ్లకు పోయాను, నల్లా దగ్గర నీళ్ల కోసం కొట్లాడాను. ఇవన్నీ చేస్తూనే ఆ దారాన్ని మోశాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది పెద్దపల్లి దగ్గర ఒక పల్లె. పిల్లలు పుట్టలేదని నా భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే, నేను బట్టల మూట పట్టుకుని తమ్ముడి దగ్గరికి వచ్చేశాను. తమ్ముడు మంచిర్యాల అవతల బొగ్గు బావిలో పని చేసేవాడు. కంపెనీ ఇచ్చిన ఒక్క గది, ముందు చిన్న వసారా, వెనుక చారెడు దొడ్డి. అందులో తమ్ముడూ, అతని భార్య రాజవ్వా, నేనూ. రాజవ్వది చెన్నూరు. నాకంటే చాలా చిన్నది, నెమ్మదస్తురాలు. నేనేమన్నా తల వంచుకుని వినేది.

నాకు నోరెక్కువ. శుభ్రం అంటే పిచ్చి. చెయ్యిపట్టుకున్నవాడు వదిలేసిన మనిషికి ఇంకొకరిని సరిదిద్దే పని దొరికితే అదొక హోదాలా ఉంటుంది. రాజవ్వ తలలో పేలు చూసినప్పుడల్లా నేను వాడంతా వినేలా అరిచేదాన్ని. ఆమె కొడుకు ఓదెలు పుట్టాక ఇంకా ఎక్కువైంది. పిల్లవాడికి అంటిస్తావని, దగ్గరికి తీసుకునే ముందు తల దువ్వుకోమని రోజూ చెప్పేదాన్ని.

ఆ పేలే నా తలకూ వచ్చాయి.

ఇది చదివి మీరు నవ్వుకోవచ్చు. ఇంత పెద్ద బరువు అని మొదలుపెట్టి పేల దగ్గరికి వచ్చిందేమిటని. నిజమే. ఒక పసిదాని ప్రాణం దాకా పోయిన సంగతి ఇంత చిన్నదానితో మొదలైంది. ఆనాడు రాజవ్వతో "నాకు కూడా పడ్డయే, జర దువ్వు" అని ఉంటే ఇద్దరం గడప మీద కూర్చుని నవ్వుకునేవాళ్లం. అనలేకపోయాను.

ఒకసారి పుట్టింటికి పోయిన తల్లీబిడ్డలను తీసుకురావడానికి చెన్నూరు పోయినప్పుడు, అక్కడ నగలు చేసే అవుసులాయన భార్యకు గుట్టుగా చెప్పుకున్నాను. వాళ్లింట్లో వెండి మీద బంగారు పూత పెట్టడానికి పాదరసం ఉండేది. ఆమె ఒక చిన్న సీసాలో పోసిచ్చింది. తమలపాకు రసంలో వేసి మెరుపు చచ్చేదాకా అరచేతిలో రుద్దాలి, ఆ బూడిదరంగు ముద్దను నూలుదారానికి పట్టించి మెడలో కట్టుకోవాలి, పేలు వాటంతట అవే రాలిపోతాయి. మా వైపు చాలామంది ఆడవాళ్లు చేసే పనే. తలకు రాస్తే అందరికీ తెలుస్తుంది. దారమైతే రవిక కింద ఉంటుంది. ఎవరైనా చూసినా తాయెత్తు అనుకుంటారు.

రాజవ్వ నీళ్లకూ, పుల్లలకూ, తమ్ముడికి సద్ది ఇవ్వడానికీ పోతే పిల్లవాడు నా దగ్గరే. పాలు తాగినంతసేపే తల్లి దగ్గర. తక్కినంతసేపూ నా రొమ్ము మీదే పడుకునేవాడు. పళ్లు వచ్చే వయసులో వాడి వేళ్లకు నా మెడలో దారం దొరికింది. లాగి నోట్లో పెట్టుకుని చప్పరించేవాడు. ఏడిస్తే నేనే అందించేదాన్ని. ఆ ఉమ్మితో నా రవిక తడిసిపోతుంటే మురిసిపోయేదాన్ని. నా మెడకు అంత దగ్గరగా అంతకు ముందు ఎవరు వచ్చారు? దారం పాతబడితే కొత్తది పట్టించేదాన్ని. ఆ ఒక్క గదిలోనే, వాడు పక్కన పాకుతుంటేనే రుద్దేదాన్ని. ఎన్ని నెలలు అలా సాగిందో నిజంగా గుర్తు లేదు.

ఓదెలు మారిపోయాడు. మొదట నిద్ర పట్టడం మానేసింది. తర్వాత అరచేతులు, అరికాళ్లు ఎర్రబడ్డాయి, మిరపకాయలు నలిపినట్టు. పట్టుకుంటే చల్లగా ఉండేవి. చెమటతో గుడ్డలు తడిసిపోయేవి. చేతుల తోలు పొరలు పొరలుగా ఊడింది. వెలుతురు చూడలేక మొహాన్ని నా చంకలో దాచుకునేవాడు. నిలబడటం నేర్చినవాడు మళ్లీ కూర్చోవడమే మరిచిపోయాడు. తన జుట్టు తనే పీక్కునేవాడు. వచ్చిన పళ్లు కదిలి, ఒకటి నా ఒళ్లోనే రాలింది. ఆ పన్ను పట్టుకుని రాజవ్వ ఏడ్చిన ఏడుపు నేను మీకు చెప్పలేను.

దిష్టి తీశాం. అంత్రపు తాయెత్తు కట్టించాం. వాడలో ముసలమ్మలు తల్లి పాలు వేడి చేశాయన్నారు. పాలు పడకపోతే పిల్లలు ఇలాగే అవుతారన్నారు. ఆ మాట నేను పుట్టించింది కాదు. అది చెప్పుకోవడం వల్ల నా తప్పేమీ తగ్గదు, తెలుసు.

చివరికి మంచిర్యాలలో హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. తమ్ముడికి సెలవు దొరకలేదు. రాజవ్వ, నేను పోయాం. పిల్లవాడు నా ఒళ్లో ఉన్నాడు. డాక్టరు వాడి అరచేతులు తిప్పి తిప్పి చూశాడు. చిగుళ్లు నొక్కి చూశాడు. తర్వాత రాజవ్వను కాదు, నన్ను అడిగాడు.

"పాదరసం కలిసిన మందేమైనా పెట్టారా అమ్మా? పొడి గానీ, పూత గానీ?"

"ఏం పెట్టలే సారూ."

"ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా? పేలకని, పురుగులకని కొందరు వాడుతారు. భయపడకుండా చెప్పు. తెలిస్తేనే నేను ఏమైనా చేయగలను."

దారం నా గొంతు కింద, రవిక లోపల ఉంది. పిల్లవాడి చెయ్యి అప్పుడు కూడా దాని మీదే ఉంది. రాజవ్వ నా వైపు చూస్తోంది. అనుమానంతో కాదు. వదినెకు అన్నీ తెలుసు, వదినె చెబుతుంది అన్న నమ్మకంతో.

"మా ఇంట్ల గసొంటియి లేవు సారూ," అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. "తల్లి పాలే పడ్తలేవు పోరనికి. అందరు గదే అంటున్నరు."

డాక్టరు మళ్లీ వాడి అరచేతులు చూశాడు. ఆయనకు నా మాట నచ్చలేదని ఇప్పుడు అనిపిస్తుంది. పాల వల్ల ఇలా కాదన్నాడు. అయినా నేను అంత ఖాయంగా చెబుతుంటే ఇంకేమి చేస్తాడు? బలానికి ఏదో మందు రాసిచ్చి, మళ్లీ రమ్మన్నాడు. రాజవ్వ ఆయన మాట వినలేదు. నా మాట విన్నది. బయటికి రాగానే పైట బిగించి కప్పుకుంది. తన ఒంటి నుంచే పిల్లవాడిని దాస్తున్నట్టు కప్పుకుంది.

ఎందుకన్నాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను. పేల సిగ్గు ఒకటి. తమ్ముడికి తెలిస్తే గడప దాటిస్తాడన్న భయం ఒకటి. మళ్లీ ఆ మూట పట్టుకుని ఎక్కడికి పోను? ఇవి చెప్పుకోవడానికి తేలికైన కారణాలు. వీటి కింద ఇంకొకటి ఉంది. రాజవ్వ రొమ్ములో పాలు ఉన్నాయి, నా రొమ్ములో లేవు. పిల్లవాడు ఎంత నా మీద పడుకున్నా, ఆకలైతే ఆమె వైపే చేతులు చాచేవాడు. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో తవ్వుకుంటూ పోతే ఇక్కడే ఆగుతాను.

తెలియక చేసినదానికి దేవుడు నన్ను వదిలేస్తాడేమో. డాక్టరు అడిగిన తర్వాత నాకు తెలిసింది. ఆ క్షణం నుంచి అంతా తెలిసి చేసిందే.

ఇంటికి వచ్చిన రోజే దారం తెంపేశాను. సీసాతో పాటు గుడ్డలో చుట్టి, మనుషులు తిరగని బొగ్గు దిబ్బ వైపు పోయి లోతుగా పూడ్చాను. అదే రోజు రాజవ్వ పాలు మాన్పించింది. పిల్లవాడు మెల్లమెల్లగా కోలుకున్నాడు. ముందు చెమట తగ్గింది, తర్వాత నిద్ర పట్టింది, కొన్ని నెలలకు గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను దారం తీశానని ఎవరికీ తెలియదు. రాజవ్వ పాలు ఆపిందని అందరికీ తెలుసు. నా అబద్ధాన్ని నా చేతులతోనే నేను నిజం చేశాను.

ఆ రోజుల్లో రాజవ్వ రొమ్ములు సలిపి జ్వరం వచ్చేది. దొడ్లోకి పోయి పాలు పిండి, బీరపాదు మొదట్లో పోసేది. "ఈ తీగ గూడ ఎండుతది చూడు వదినె, నాది ఇసం," అనేది. తీగ ఎండలేదు. ఆ ఏడు పందిరి నిండా కాసింది. ఆ బీరకాయలు కోసి కూర వండింది నేనే. తిన్నాం అందరం. ఒక్కరికైనా అనుమానం రాలేదు. రావాలని కోరుకున్నాను కూడా, ఎవరైనా కనిపెడితే నేను చెప్పే బాధ తప్పుతుందని.

ఇక్కడితో అయిపోయినా నేను బతికేదాన్ని. రెండేళ్లకు ఆడపిల్ల పుట్టింది. నల్లగా, బొద్దుగా, పుట్టగానే గుప్పిట నోట్లో పెట్టుకుంది. రాజవ్వ రొమ్ముకు గుడ్డ బిగించి కట్టుకుంది. దాన్ని దగ్గరికి తీసుకోలేదు. మేకపాలు సీసాలో పోసి పట్టమని నా చేతికే ఇచ్చింది. "నువ్వే పెంచు వదినె. నా కొడుకును నువ్వే దక్కిచ్చినవు," అంది. ఆకలికి ఆ పిల్ల ఏడుస్తుంటే తల్లి రవిక తడిసేది. నేను చూస్తూ ఉండేదాన్ని. చెప్పాలని నోటిదాకా వచ్చేది. అప్పుడు చెబితే ముందుదంతా చెప్పాలి. రేపు చెబుదాం అనుకునేదాన్ని. వానలు పడ్డాయి, కాలనీ నీళ్లు మురికయ్యాయి, పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. పేరు పెట్టకముందే పోయింది. సీసా కడిగింది నేను, పాలు పట్టింది నేను. అయినా రాజవ్వ నన్నే ఓదార్చింది. తన కడుపులో ఉన్నప్పుడే తన ఇసం ఎక్కి ఉంటుందని నాకు చెప్పింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమెకు కాన్పు రాలేదు. పండుగకు మొదటి చీర నాకే పెట్టించేది. వచ్చినవాళ్లందరికీ మా వదినె లేకుంటే ఓదెలు లేడని చెప్పేది. ఓదెలు ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్నాడు. ముందరి పళ్లు వంకరగా వచ్చాయి, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఈ రాస్తున్న అక్షరాలు కూడా వాడి పలక మీద వాడు నేర్పినవే. అత్తకు చదువు చెప్పిన పంతులునని వాడకంతా చెప్పుకుంటాడు.

ఈ వానాకాలం రాజవ్వకు మళ్లీ కొడుకు పుట్టాడు. కాన్పుకు ముందే తమ్ముడితో పాలిచ్చే మేకను కొనిపించింది. పుట్టిన మర్నాడు పొద్దున గుడ్డ మడత పెట్టి, వెనక ముడి వేయమని నా చేతికి ఇచ్చింది. ముడి నేను వేయాలి. వేయలేదు. నీ పాలు మంచివే రాజవ్వా అన్నాను. నవ్వింది. నా మీద ప్రేమతోని, పావురంతోని అంటున్నవు అంది. ఉత్త మాట నమ్మదని అర్థమైంది. అప్పుడు దారం సంగతి చెప్పాను. సీసా, డాక్టరు, బొగ్గు దిబ్బ, అన్నీ చెప్పాను. మధ్యలో ఆపలేదు. ఏడిస్తే ఆమె నన్ను ఓదారుస్తుందేమోనని ఏడవలేదు కూడా.

రాజవ్వ చివరిదాకా విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది.

"చిన్నది పోయిననాడు గీ సంగతి నీకెరుకేనా?"

"ఎరుకే," అన్నాను.

ఆమె గుడ్డను నా చేతిలోంచి తీసుకుంది. విసరలేదు, పక్కన పెట్టింది. బిడ్డను ఎత్తుకుని, నాకు వీపు చేసి, గోడ వైపు తిరిగి కూర్చుంది. వాడు వెతుక్కున్నాడు, కొంచెం ఏడ్చాడు, తర్వాత ఏడుపు ఆగింది.

నెల కావస్తోంది. రాజవ్వ నాతో మాట్లాడదు. తమ్ముడికి చెప్పిందో లేదో తెలియదు. నన్ను వదినె అని పిలవడం మానేసింది, వేరే ఏ పేరుతోనూ పిలవదు. అన్నం మాత్రం పెడుతుంది. క్షమించమని నేను అడగలేదు. ఆ చిన్నదాని తరఫున క్షమించడానికి ఎవరున్నారు? మూట ఎక్కడుందో చూసి పెట్టుకున్నాను. పొమ్మంటే పోతాను.

ఇప్పుడు వసారాలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల చిన్నవాడు తల్లి దగ్గర పాలు తాగుతున్నాడు. గుటకలు ఇక్కడికి వినబడుతున్నాయి.