వదిన దించేసిన ఆయిలు

మా వదిన మొన్న ఆదోనిలో కన్నుమూసింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు, మంచిదే కానీ మొండి మనిషి అన్నారు. పదిమందిలో నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. అవును, మొండిదే. ఆ మొండితనమే మాకు అన్నం పెట్టింది.

ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. నూలును బ్లీచింగు నీళ్లలో తెల్లగా చేసి, అది దారాన్ని తినకుండా వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడిగే పని చిన్నప్పటి నుంచీ ఆమెదే. మా ఇంటికి వచ్చాక కూడా ఏ బట్టనైనా ఆరేసే ముందు వాసన చూసేది. అన్న బాడుగ కారు నడిపేవాడు. మా అందరి తిండీ ఆ ఒక్క కారు మీదే.

ఒకరోజు కార్ల స్టాండుకు ఇంజను మందు అమ్మేవాడు వచ్చాడు. చిన్న మోటారు పెట్టి, తిరిగే చక్రానికి ఇనుప ముక్కను అదిమి చూపించాడు. ఉత్త ఆయిలుతో చక్రం పట్టేసింది. మందు చుక్కలు వేస్తే ఆగకుండా తిరిగింది. అందరూ కొన్నారు. అన్న అక్కడికక్కడే డబ్బా విప్పి, అప్పుడే మార్చిన కొత్త ఆయిల్లో పోసేశాడు.

సద్ది తెచ్చిన వదిన అందులో ఏముందని అడిగింది. క్లోరిను, ఇంజనును కాపాడేది అదేనన్నాడు అమ్మేవాడు.

"బ్లీచింగులో ఉండేదేనాప్పా?"

జాతి అదే కానీ ఇది నూనెలో కట్టుబడి ఉంటుందన్నాడు. వదిన స్టాండులో బండ్లు బాగుచేసే మెకానిక్కు వైపు చూసింది. ఇంజను కాగి ఆ కట్టు విడిపోతే, లోపలి చెమ్మతో కలిసి యాసిడ్ అవుతుందని, అది బేరింగులను తింటుందని విన్నానే గానీ కళ్లతో చూడలేదన్నాడతను.

"నాకూ తెలీదు. తెలీదు కాబట్టే పొయ్యనియ్యను. నూలైతే కడుగుతాం. ఇంజనును యాడ కడుగుతావు? దించు ఆయిలు."

స్టాండంతా నవ్వింది. అన్నకు తల కొట్టేసినట్లయింది.

"నూలుకు పెట్టినట్ల దీనికి గంజి గూడా పెట్టు వదినా" అన్నాడొక డ్రైవరు.

"పెడతాలే. ముందు ఇది దించనీ" అని కారు పక్కనే కూర్చుంది. ఆయిలంతా బొక్కెనలోకి దిగేదాకా లేవలేదు. అన్న గొణుక్కుంటూ మళ్లీ కొత్త ఆయిలు కొనుక్కొచ్చి పోశాడు.

ఏడాది తిరిగాక గంజి పెట్టమన్న ఆ డ్రైవరు కారు ఇంజనే విప్పారు. బేరింగుల నిండా అమ్మవారు పోసినట్లు గుంతలు. మందు వల్లో, పాత ఆయిలు వల్లో మెకానిక్కు తేల్చలేకపోయాడు. నేను చెప్పలేదా అని వదిన ఒక్కమాట అనలేదు. ఆ ఇంటికి జొన్నలు పంపింది.

అమ్మేవాడు మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఎదురుపోయింది. మందు వల్లే చెడిపోయిందని రుజువు చేయమన్నాడతను.

"నేనెందుకు చేయాల? పొయ్యమనేటోనివి నువ్వు. చెడిపోదని నువ్వు చూపీ. మా ఇంటి కూడు ఆ కారు మీద ఉండాది."

అతను మోటారు బయటికి తీయబోయాడు.

"ఆ చక్రం కాదప్పా. నీ మందుతో ఏడాది తిరిగిన ఇంజను విప్పి చూపీ."

అతను మోటారును సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. బస్సు మలుపు తిరిగేదాకా వదిన మా కారుకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడే ఉంది. కొంగు గాలికి ముఖం మీద కొట్టుకుంటున్నా తీసుకోలేదు.