వెనక సీటు కింద చప్పుడు

మా పెదనాన్న రోజూ షెడ్డు తెరవగానే రేడియో చిన్నగా పెట్టి, వినబడుతోందో లేదో చూసుకుంటాడు. మెకానిక్‌కి చెవి పోతే పని పోయినట్టే అంటాడు.

ఒకరోజు, దారిలో ఆగిపోతున్న పాత కారొకటి వచ్చింది. ఆయన వెనక సీటు ఎత్తి ఫ్యూయల్ పంపు మీదికి వంగాడు. ఆయన కూతురు, మా అక్క, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం సగం తిప్పింది. అలా తిప్పితే పంపు మోగాలి.

"చప్పుడే లేదు. పంపు పోయింది."

"మోగుతోంది నాన్నా! ఇక్కడికే వినిపిస్తుంటే!"

కారాయన నవ్వాడు. "రిపేరు పంపుకా మేస్త్రీ, మీ చెవులకా?"

పెదనాన్న ముఖం పాలిపోయింది. పంపు మీద అరచెయ్యి ఆనించి, ఇంజన్ స్టార్ట్ చేసి ఆపొద్దన్నాడు. పావుగంటకు పంపు వేడెక్కింది. చేతి కింద దాని వణుకు సన్నగిల్లి ఆగింది. ఆ తర్వాతే ఇంజన్ ఆగింది.

"పంపే," అన్నాడు, చెయ్యి తియ్యకుండా.

రేడియో ఇప్పటికీ పెడతాడు. గట్టిగా మోగుతుంటే అక్క వచ్చి తగ్గిస్తుంది.