భయం నేర్పే పని

అమెరికాలో అచ్యుతరావుకు దొరికిన మొదటి స్థిరమైన ఉద్యోగంలో సగం పని బార్బర్ షాపుల చుట్టూ తిరగడం. శుక్రవారం సాయంత్రం షాపులు మూసే వేళకు పిస్కాటవేలో మొదలుపెట్టి ఎడిసన్ దాకా వెళ్లేవాడు. ఊడ్చి మూలకు నెట్టిన జుట్టును సంచుల్లో నింపుకుని యూనివర్సిటీ తోటకు తెచ్చేవాడు. దాన్ని నైలాన్ మేజోళ్లలో కుక్కి ఆపిల్ మొక్కలకు వేలాడదీయాలి. మనిషి వాసన తగిలితే జింకలు మొక్కల్ని కొరక్కుండా ఉంటాయా, ఉంటే ఎన్నాళ్లు ఉంటాయి అన్నది అక్కడి పరిశోధన.

ఈ సంగతి తెలిసిన రోజు హరనాథ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. హరనాథ్ అచ్యుతరావు వాళ్ల వీధిలోనే ఉండే మత్తు డాక్టరు. ఊళ్లో తెలుగువాళ్లు ఎవరింట్లో చేరినా గొంతు అతనిదే.

"తిరుపతిలో వెటర్నరీ చదివావు, బానే ఉంది. ఇక్కడికొచ్చి కూడా తలనీలాలు పోగెయ్యడమేమిటోయ్ అచ్యుతం! ఆ వెంకన్న నిన్ను ఒదిలేట్టు లేడు."

మొదటిసారి అచ్యుతరావు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఏ పుట్టినరోజుకు వెళ్లినా, ఏ వ్రతానికి వెళ్లినా ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవారు. అతను పేపర్ ప్లేటు పట్టుకుని నవ్వాల్సిన చోట నవ్వి ఊరుకునేవాడు.

అతను వచ్చింది పశువుల డాక్టరుగా బతుకుదామనే. ఇక్కడ లైసెన్సు కావాలంటే పరీక్ష రాయాలి. ఆ పైన ఏదో ఒక ఆసుపత్రిలో ఏడాది పనిచేయాలి. పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోసారికి పుస్తకాలు తీశాడు గానీ, అప్పటికి భార్య పద్మినికి మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం వచ్చింది, ఇతనికి జింకల తోటలో వచ్చింది. పుస్తకాలు మళ్లీ అట్టపెట్టెలోకి పోయాయి. అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం.

జుట్టు పని మూడు వారాలు చేసింది. ఆ తర్వాత జింకలు మేజోడును ముట్టెతో పక్కకు నెట్టి చిగుళ్లు తిన్నాయి. సబ్బు బిళ్లలు కట్టారు. ఎండబెట్టిన రక్తం పొడి చల్లారు. కుళ్లిన గుడ్ల ద్రావకం కొట్టారు. ఆ రోజుల్లో పద్మిని అతన్ని తిన్నగా ఇంట్లోకి రానిచ్చేది కాదు.

"కోటు గరాజ్‌లో వదిలేసి రండి. షర్టు కూడా. ఏవండీ, ప్యాంటు కూడా!"

కారం నీళ్లు కూడా చల్లి చూశారు. ఏది చల్లినా మొదట జింకలు ఉలిక్కిపడి దూరం జరిగేవి. కొన్నాళ్లకు దానితోనే కాపురం చేసేవి. ప్రతి ఏడాదీ రిపోర్టు చివర డాక్టర్ ఓల్సన్ అదే వాక్యాన్ని కాస్త మార్చి రాసేది. ఓల్సన్ ఆ పరిశోధన నడిపే ప్రొఫెసరు. పొడుగాటి మనిషి, మాట తక్కువ, అతన్ని రావ్ అని పిలిచేది.

రెండో ఏడు వేసవిలో హైవే మీద తల్లులు కార్ల కింద పడగా మిగిలిన జింక పిల్లల్ని కొన్నింటిని తోటకు తెచ్చారు. వాటిని కంచెలో పెంచి, పెద్దయ్యాక పరీక్షలకు వాడాలని ఏర్పాటు. పెంచడానికి ఓల్సన్ పెట్టిన నియమం ఒకటే. పాలు పట్టేటప్పుడు వాటితో మాట్లాడకూడదు. నిమరకూడదు. సీసా పెట్టాలి, తాగాక తీసేయాలి.

ఇది అచ్యుతరావుకు చేతకాని పని. తల్లి లేని పిల్లకు నోరు మెదపకుండా పాలు ఎలా పడతారు? వణుకుతూ మూల నక్కిన దాని ముందు గొంతుక్కూర్చుంటే, వద్దనుకున్నా నోట్లోంచి "దా... దా అమ్మా... దా" అని వచ్చేసేది. ఇంటి దగ్గర దూడలను పిలిచిన పిలుపు అది. ఎవరూ లేనప్పుడు ఇంకా మాట్లాడేవాడు. పొద్దున ఏం తిన్నాడో, హరనాథ్ ఏమన్నాడో చెప్పేవాడు. రోజల్లా ఇంగ్లీషులో మెలిగే మనిషికి అదొక వెసులుబాటు. తక్కిన పిల్లలు పాలు మానాక దూరమయ్యాయి. గుర్తుకోసం చెవికి పసుపు బిళ్ల వేసిన ఆడ జింకపిల్ల మాత్రం దూరం కాలేదు. అతని గొంతు వినపడితే చాలు, కంచె ఆ చివర నుంచి నడిచి వచ్చి అరచేతిలో మూతి పెట్టేది.

ఎనభై నాలుగు వేసవిలో పరిశోధనకు డబ్బు ఆగిపోయింది. కంచెలోని జింకల్ని మరో యూనివర్సిటీ వాళ్లు తీసుకుపోవడానికి వచ్చారు. అన్నింటినీ చూసి, పసుపు బిళ్లదాన్ని మాత్రం వద్దన్నారు. మనిషిని ఇంతగా అంటిపెట్టుకున్నదాని మీద ఏ పరీక్ష పెట్టినా ఫలితం నమ్మలేం అన్నారు.

ఆ సాయంత్రం ఓల్సన్ కంచె దగ్గరికి వచ్చింది.

"ఇంజెక్షన్ ఇస్తే దానికి తెలియను కూడా తెలియదు, రావ్. అడవిలో వదిలితే డిసెంబర్లో వేట మొదలయ్యాక తుపాకీ పట్టుకున్నవాడి దగ్గరికి తనే నడిచి వెళ్తుంది. ఏది దయో నువ్వే చెప్పు."

"కొంచెం టైమ్ ఇవ్వండి. భయపడటం నేర్పుతాను."

"నువ్వా?" అంది ఓల్సన్. అందులో వెక్కిరింత లేదు. కాసేపు జింకకేసి చూసింది. "అక్టోబర్ దాకా చూద్దాం. అప్పటికి మనిషిని చూసి పరిగెత్తితేనే వదులుదాం."

అచ్యుతరావు దానితో మాట్లాడటం మానేశాడు. నలభై దాటాక చేయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోని పనులు చేశాడు. గిన్నెల మూతలు కొట్టుకుంటూ కంచెలోకి వెళ్లాడు. గులకరాళ్లు విసిరాడు. పాత స్ప్రేయర్ వెతికి తీసి, దగ్గరికొస్తే ముఖం మీద కుళ్లు గుడ్ల ద్రావకం కొట్టాడు. ఓల్సన్ చేతా, తోటలో పనిచేసే స్టూడెంట్ల చేతా అదే చేయించాడు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తినకుండా కూర్చునేవాడు. పద్మిని ఏమైందని అడిగితే, "ఏం లేదు. చేతులు నొప్పి" అనేవాడు.

సెప్టెంబర్ చివరికి జింక మనుషుల్ని చూస్తే తోక ఎత్తి దౌడు తీయడం మొదలుపెట్టింది. బూట్ల చప్పుడుకు పరిగెత్తేది. ఓల్సన్ దగ్గితే పరిగెత్తేది. అచ్యుతరావు రాయి విసిరినప్పుడు మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి, ఆగి, చెవులు ఇటు తిప్పి నిలబడేది. ఒకనాడు పక్కన ఎవరూ లేకుండా చూసి, మెల్లగా "దా" అని చూశాడు. వచ్చింది.

ఆ మాట అతను ఓల్సన్‌కు చెప్పలేదు. తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తను ఇక దాని ముందుకు పోడు. ఆ అడవిలో తనలా మాట్లాడేవాడు ఇంకొకడు ఎక్కడి నుంచి వస్తాడు?

అక్టోబర్లో కౌంటీ అడవిలో దాన్ని వదిలారు. ట్రక్కు తలుపు తీయగానే దిగి, వెనక్కి చూడకుండా చెట్లలోకి పోయింది. ఓల్సన్ అతని భుజం తట్టింది. అతను నిద్ర చాలనివాడిలా తలూపాడు.

ఆ ఏడాది కార్తీక వనభోజనాల పూచీ హరనాథ్ భార్య ఆండాళ్ నెత్తిన వేసుకుంది. కౌంటీ పార్కులో పిక్నిక్ షెల్టర్ బుక్ చేసింది. నవంబర్ మొదటి ఆదివారం. ఆకులు రాలిపోయాయి, ఎండ ఉంది గానీ వేడి లేదు. ఆడవాళ్లు పట్టుచీరల మీద కోట్లు వేసుకుని వచ్చారు. పార్కు గేటు దగ్గర మలుపు తిరుగుతుంటే అచ్యుతరావుకు తెలిసింది, చెట్ల అవతల ఉన్నది ఆ అడవేనని. చాలా పెద్ద అడవిలే, ఎక్కడో ఉంటుంది అనుకుని కారు పార్క్ చేశాడు.

"ఉసిరి చెట్టు కింద తినాలి కదమ్మా, ఇది ఓక్ చెట్టాయె" అని ఎవరో అన్నారు.

ఆండాళ్ సంచిలోంచి ఉసిరికాయ పచ్చడి సీసా తీసి చెట్టు మొదట్లో పెట్టింది. "ఇప్పుడు ఉసిరి చెట్టే. దేవుడు అడ్జస్ట్ అవుతాడు. మీరూ అవ్వండి."

అందరూ నవ్వారు. కాసేపట్లో షెల్టర్ అంతా తెలుగైపోయింది. పులిహోర గిన్నెలు తెరిచారు. పిల్లలు ఆకుల్లో పరుగులు తీస్తుంటే తల్లులు గొంతెత్తి పిలవసాగారు.

"మీనా! జాకెట్ వేసుకో! దా, ఇటు దా!"

పద్మిని చల్లమిరపకాయల డబ్బా మూత తీయమని ఇచ్చింది. అచ్యుతరావు దానితో తంటాలు పడుతుండగా పార్కు చివర సద్దు మణిగింది. తల ఎత్తి చూశాడు. చెట్లలోంచి జింక బయటికొచ్చి గడ్డిలో నిలబడింది. చెవులు ఈ గొంతులకేసి తిరిగి ఉన్నాయి. ఒక చెవికి పసుపు బిళ్ల ఉంది.

"అయ్యో, ఎంత బావుందో!" అంది ఆండాళ్. "కార్తీక మాసంలో లేడి ఎదురు రావడం ఎంత శుభమండీ! ఎవరూ అరవకండి. మీనా, ఈ అరటిపండు పెట్టు. మెల్లగా పిలువు. దా అను."

"దా," అంది మీనా, హరనాథ్ తొమ్మిదేళ్ల కూతురు, అమెరికా యాసతో. జింక వచ్చింది. పండు తీసుకుంది. హరనాథ్ కెమెరా తెచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పెద్దావిడ ఒకరు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. ఇంకో ఇద్దరు పిల్లలు పులిహోర ప్లేట్లు పట్టుకుని ముందుకు నడిచారు.

అచ్యుతరావుకు డిసెంబర్ కళ్ల ముందు కనిపించింది. ఇక్కడ ఒక్క మధ్యాహ్నం పండూ అన్నమూ దొరికితే, రెండు నెలలు పడిన బాధ అంతా దాని బుర్రలోంచి పోతుంది. పిలిస్తే వెళ్లొచ్చు అనుకుంటుంది. డబ్బా బల్ల మీద పెట్టి లేచాడు.

"పొమ్మను దాన్ని. మీనా, పక్కకు రా."

అతని గొంతు వినగానే జింక పండు వదిలేసింది. పిల్లల మధ్య నుంచి తిన్నగా అతని దగ్గరికి నడిచి వచ్చింది.

"అచ్యుతం! నీకు ఫ్రెండ్‌లా ఉందే!" అన్నాడు హరనాథ్ కెమెరాలోంచి.

అచ్యుతరావు వంగి రాయి తీసుకున్నాడు. గులకరాయి కాదు, పిడికిలి నిండా పట్టే రాయి. మొదటిది దాని డొక్కకు తగిలింది. అది ఉలిక్కిపడి ఆగి, అతని ముఖంకేసి చూసింది. అతను అరిచాడు. ఏమని అరిచాడో తర్వాత అతనికి గుర్తులేదు. తెలుగులోనే అరిచాడని మాత్రం పద్మిని చెప్పింది. రెండో రాయి ముందు కాలికి తగిలింది. ఎముకకు తగిలిన చప్పుడు షెల్టర్ దాకా వినిపించింది.

"అంకుల్, స్టాప్! అది ఏం చెయ్యలేదు! ప్లీజ్ స్టాప్!" మీనా ఏడుస్తూ అతని కోటు పట్టుకు లాగింది.

జింక పరిగెత్తింది. చెట్ల అంచున ఆగి వెనక్కి తిరిగింది. అక్కడ ఆగకుండా ఉంటే బావుండేదని అతను చాలాకాలం అనుకున్నాడు. మీనా చేతిని విడిపించుకుని, రొప్పుతూ గడ్డి దాటి దాని వెంట పడ్డాడు. చేతికందిన రాళ్లన్నీ విసిరాడు, బూతులు తిట్టాడు. ఆ బూతులు అంతకుముందు ఆ నోట ఎవరూ వినలేదు. పొదల్లో అది పోయిన చప్పుడు పూర్తిగా ఆగాక గాని వెనక్కి రాలేదు.

షెల్టర్లో ఎవరూ కూర్చోలేదు. ఆండాళ్ కూతుర్ని దగ్గరకు లాక్కుని అతనికేసి చూడకుండా ఉంది.

"ఇదేనా ఇన్నాళ్లూ నువ్వు చేసిన రిసెర్చ్?" అన్నాడు హరనాథ్. అతని గొంతులో వేళాకోళం లేకపోవడం అదే మొదటిసారి.

పద్మిని గిన్నెలు సర్దింది.

కారులో చాలాదూరం వచ్చాక ఆమె అంది. "ఒక్క మాట చెప్పి ఉంటే అర్థం చేసుకునేవాళ్లు కదండీ."

"చెప్తూ కూచుంటే అది వచ్చి నా చేతిలో మూతి పెట్టేది."

ఇంటికి వెళ్లాక ఆమె స్నానానికి వేడినీళ్లు ఉన్నాయని మాత్రం చెప్పింది.

డిసెంబర్లో ఓల్సన్ అతనికి ఒక తాత్కాలికమైన పని చూసింది. వేటగాళ్లు కొట్టిన జింకల్ని తప్పనిసరిగా తెచ్చి చూపించే చెక్ స్టేషన్‌లో, పళ్లు చూసి వాటి వయసు చెప్పాలి. ఆడజింకల్ని కూడా కొట్టడానికి అనుమతి ఉన్న రోజులవి. పికప్ ట్రక్కులు వరసగా వచ్చేవి. గడ్డకట్టిన దవడలు తెరవడానికి చలిలో వేళ్లు తిరిగేవి కావు. ప్రతి ట్రక్కు దగ్గరా అతను ముందు చెవులు చూసేవాడు, తర్వాత నోరు తెరిచేవాడు. పసుపు బిళ్ల రాలేదు. రాకపోతే బతికి ఉన్నట్టు కాదని అతనికి తెలుసు. గాయపడి పొదల్లో పడి చచ్చినవి చెక్ స్టేషన్‌కు రావు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఖాళీ ట్రక్కుతో కాఫీ కోసం ఆగాడు. ఆ అడవిలోనే పొద్దున్నుంచీ కూర్చున్నానని, ఏమీ దొరకలేదని చెప్పుకొచ్చాడు.

"ఒకటి మాత్రం వచ్చింది. చెవికి పసుపుపచ్చ బిళ్ల ఏదో ఉంది, మీవాళ్లదేనా? నేను గొంతు సవరించుకున్నానంతే. తుపాకీ కూడా ఎత్తలేదు. దెయ్యాన్ని చూసినట్టు పారిపోయింది."

అచ్యుతరావు చేతి తొడుగులు విప్పాడు. మళ్లీ తొడుక్కున్నాడు.

"కుంటుతోందా?"

"అంత వేగంగా పోయేదాన్ని ఎవరు చూస్తారు కుంటుతోందో లేదో?" పెద్దాయన కాఫీ ఊదుకున్నాడు. "ఎవడో దాన్ని బాగా హడలగొట్టి ఉంటాడు."

"అవును," అన్నాడు అచ్యుతరావు.

ఇంకో ట్రక్కు వచ్చి ఆగింది. అతను దాని వెనక్కి నడిచి, పడుకోబెట్టి ఉన్న జింక తల రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దవడ తెరిచాడు.