మ్యాపు మీద తీరం వెంబడి ఎర్ర బిళ్ళలు

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన మొదటి వేసవిలో నన్ను శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రి డీ-అడిక్షన్ వార్డులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా వేశారు. మందులు రాయడం డాక్టరు పని. రోగి ఏ ఊరివాడు, ఏం వాడుతున్నాడు, ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు అని అడిగి కేస్ షీటు నింపడం నా పని. నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక కూడా, ఆ వార్డులో రాసిన నా మొదటి నివేదికనే కొందరు ప్రస్తావిస్తున్నారు. ఆ నివేదిక తప్పు.

మత్తు వల్ల చేరుతున్న కుర్రాళ్ళు ఎక్కడివాళ్ళో తేల్చమని సూపరింటెండెంటు గారు అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మ్యాపు గోడకు అంటించి, ఒక్కో కేసుకు ఒక్కో ఎర్ర బొట్టుబిళ్ళ పెట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి బిళ్ళలన్నీ సముద్రం ఒడ్డునే బారులు తీరాయి. ఉద్యోగంలో మొదటిసారి ఏదో కనిపెట్టానన్న ఉత్సాహంతో, తాగుతున్న టీ వదిలేసి ఆయన గదికి పరుగెత్తాను.

మత్స్యకారులు పిల్లవాణ్ణి తెచ్చే తీరే వేరు. ఊరి పెద్దతో సహా ఆటో నిండా దిగేవారు. "బాబూ, మావోడు గంజాయీ తాగతన్నాడు, మందూ తాగతన్నాడు. దాపరికమేటి, రాసుకో!" అని ఓ తల్లి వరండా అంతా వినబడేలా చెప్పింది. రాసుకున్నాను.

తీరం ఊళ్ళలోనే మత్తు ఎక్కువని తేల్చిన నివేదికను జిల్లా సమావేశంలో చదివితే చప్పట్లు కొట్టారు. నెల తిరక్కుండా ఒక లేబర్ కాంట్రాక్టరు, ఆ నివేదికే చూపించి, తీరం ఊళ్ళ కుర్రాళ్ళను పనిలో పెట్టుకోవడం మానేశాడు.

ఆ తర్వాత రాజాంలో హోల్‌సేల్ కిరాణా నడిపే మా చుట్టం, వరసకు బావ, కొడుకును కారులో పడుకోబెట్టి తెచ్చాడు. కుర్రాడి చేతులు వణుకుతున్నాయి.

"ఒరే బావా, కిందటిసారిలాగే గేస్ ట్రబులని రాసి పడీ. మా ఆడగుంటకి సమ్మందాలు సూస్తన్నాం."

నా పెన్ను ఆగిపోయింది. కిందటిసారి వచ్చిన ఈ కుర్రాడు నా మ్యాపులో లేడు. వీడొక్కడే కాదు. చెవిలో గుసగుసగా చెప్పుకున్న పరువుగల ఇళ్ళ పిల్లలందరికీ నేనే గ్యాస్ ట్రబులనో కడుపునొప్పనో రాయించి, జనరల్ వార్డుకు పంపాను.

"పేరు బయటికెళ్ళదు బావా. రోగం మాత్రం మార్చి రాయను," అన్నాను.

"నువ్వు సుట్టానివా, సత్రువువా?" అని అరిచాడు. కుర్రాడికి మాత్రం ఈసారి సరైన మందు పడింది.

సూపరింటెండెంటు గారికి జరిగింది చెప్పి, కడుపునొప్పి కేసులన్నీ తిరగేశాను. పేర్లు రావని మాటిచ్చి ఆ కుటుంబాలను మళ్ళీ అడిగాను. రాజాంలో ఒక బిళ్ళ పడింది, తర్వాత అరసవల్లిలో, విజయనగరంలో. కాలేజీ పిల్లలు, దుకాణాల పిల్లలు. తీరం వెంబడి ఉన్న గీత కళ్ళ ముందే చెదిరిపోతుంటే మొదటిసారి కంటే ఎక్కువ ఉద్వేగం కలిగింది. చేతికి బిళ్ళ అంటుకుని ఊడి రానంత తొందర.

సవరించిన నివేదిక చదివి, పొరపాటు నాదని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాంట్రాక్టరు కుర్రాళ్ళను తిరిగి పిలిచాడు. అప్పటికే కొందరు పని వెతుక్కుంటూ గుజరాత్ వెళ్ళి అక్కడి చేపల బోట్లెక్కేశారు.

ఆసుపత్రి లెక్కలో కనిపించేది దాచకుండా వచ్చినవాళ్ళు. ఏ వర్గం పిల్లలు ఎక్కువ చెడిపోయారో చెప్పేముందు, ఎవరి జబ్బుకు మనం వేరే పేరు రాశామో చూసుకోవాలి.