దారాలు లెక్కపెట్టే కెమెరాతో దేవరకొండకు

ఆరు కాకముందే యాదగిరి ఫోన్ చేశాడు. "అన్నా, లింగయ్య తాత పోయిండు. తలపాగ సుత తాతతోనే పోతదట. కెమెరా పట్టుకొని ఉన్నోనివి ఉన్నట్టే బయలుదేరు."

యాదగిరిది చిట్యాల దగ్గర నేత ఊరు. అతని పెళ్లి ఫొటోలు తీసిన నాటి నుంచి మాకు దోస్తానా. వాళ్ల బాపు నూనె రుమాళ్లు నేసేవాడు. నూనెలో నానబెట్టిన నూలుకు ముళ్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కించే చదరపు రుమాళ్లు అవి. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటాయి. మామూలుగా నాలుగు మూలలకూ ఒకే బొమ్మ వేస్తారు, కట్టడం తేలిక. ఆయన మాత్రం ఒకసారి పంతానికి పోయి నాలుగు మూలల్లో ఏనుగు, నెమలి, గుర్రం, సింహం వేశాడు. ఏ బొమ్మకు ఎన్ని ముళ్లో ఆ లెక్క ఎవరికీ చెప్పకుండానే పోయాడు. ఆ రుమాలు దేవరకొండ పక్క పల్లెలో, లింగయ్య తాత నెత్తిమీద తలపాగగా మిగిలింది. దాన్ని చూసి మళ్లీ నేయాలని యాదగిరి రెండుసార్లు వెళ్లి బతిమాలాడు. తాత విప్పలేదు. "నా తల కాలేనాడు రా, సూపిస్త" అని నవ్వాడట.

ఆ రోజు వచ్చేసింది.

నాది మహబూబ్‌నగర్‌లో ఫొటో స్టూడియో. నా పెద్ద కెమెరా అమ్మేసి చిన్నది కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ వారమే హైదరాబాద్ నుంచి ఒకటి కిరాయికి తెచ్చాను. టిఫిన్ గిన్నెలో పట్టేంత ఉంటుంది. ఫొటోలో మాత్రం ఆరు కోట్ల పిక్సెల్ చుక్కలట. లెన్సు ఊడదు, జూమ్ లేదు.

ఆరున్నర బస్సు దొరికింది. పక్క సీటులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో నలుపుతూ ఒక పెద్దమ్మ కూర్చుంది. నాకు గుబులెక్కువైతే నోరు ఊరుకోదు. ఈ కెమెరాతో కల్వకుర్తిలో నిలబడి శ్రీశైలం డ్యాం గేట్ల మీది నంబర్లు తీశానని చెప్పాను. ఆమె కెమెరాను అటూ ఇటూ చూసింది.

"గట్లయితె మా ఆయన యాడున్నడో జర సూడు బిడ్డా. నిన్న పాలకని పోయిండు, ఇంకా రాలె."

బస్సంతా నవ్వింది. పరువు నిలుపుకోవడానికి కిటికీలోంచి దూరపు గుట్టను తీసి, తెరమీద పెద్దది చేసి చూపించాను. గుట్ట కింద గొర్రెలకాపరి భుజం మీది కర్ర కనబడింది. ఆమె "అవునే" అంది. నేను గెలిచాను గానీ, ఆ ఆటలో బ్యాటరీ పావువంతు తగ్గింది. కొనదలచినవాళ్లు రెండు బ్యాటరీలు అదనంగా పెట్టుకోండి, నోరున్నవాళ్లయితే మూడు.

కల్వకుర్తిలో దిగేసరికి దేవరకొండ బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు ఎప్పుడో ఎవరూ సరిగా చెప్పలేదు. ఇడ్లీ తెచ్చుకున్నాను. అంతలో యాదగిరి మళ్లీ ఫోన్ చేశాడు. అతను నల్గొండ మీదుగా ముందే చేరుకున్నాడు. తలపాగ ఉంచుకోండని కొడుకులను అడిగాడట. "నెత్తిమీది గుడ్డ ఇయ్యకుంట పంపుతె నాయినకు ఎండ తాకదా?" అన్నాడట పెద్దకొడుకు నర్సింహ. ఫొటో తీసుకోవడానికి మాత్రం తాత భార్య ఒప్పుకుంది. స్నానం పోసేటప్పుడే తలపాగ విప్పుతారు, కాగానే మళ్లీ చుట్టేస్తారు. ఉన్నది ఆ కాసేపే.

"నీళ్లు కాగవెట్టిన్రు అన్నా" అని పెట్టేశాడు.

దేవరకొండలో దిగేసరికి పదకొండు. కోట చూడదగ్గదని అందరూ చెబుతారు. నేను ఆటోలోంచి దాని గోడ ముక్క ఒకటి చూశాను. ఆటోకు నూటయాభై అడిగితే బేరమాడకుండా ఎక్కడం నా జీవితంలో అదే మొదలు.

ఇంటి ముందు నీలం టార్పాలిన్ కట్టారు. డప్పులు మోగుతున్నాయి. నర్సింహ నా చేతిలోది చూసి మొహం చిట్లించాడు. "ఫొటోలాయన అంటిరి, పెద్ద కెమెరా తేలేదా? గిది పోరగాండ్ల బొమ్మ లెక్కున్నది." మా వృత్తిలో సగం గౌరవం కెమెరా సైజుకే. చిన్నది కొనేవాళ్లు ఈ మాట పడటానికి సిద్ధపడాలి. మంత్రుల చావులకు ఇప్పుడంతా దీంతోనే తీస్తున్నారని చెప్పాను. అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు. చిన్నదానితో మేలూ ఉంది. చప్పుడు లేదు, ఏడుస్తున్న ఆడవాళ్ల నడుమ నుంచి పోయినా ఎవరూ తల తిప్పలేదు.

నీళ్ల బిందెలు వచ్చాయి. చీర అడ్డం పట్టి, తలపాగ విప్పి యాదగిరి చేతికిచ్చారు. అతను దాన్ని నులకమంచం మీద పరిచాడు. ఇన్నేళ్లయినా నూనె వాసన పోలేదు. నేను నిలబడి రుమాలు మొత్తం ఒక్క ఫొటోలో తీసి, తెరమీద పెద్దది చేశాను. తెల్లనూలు మీద గులాబీ, ఆకుపచ్చ అలలు! గుడ్డలో ఆ రంగులే లేవు.

ఏం జరిగిందో ఇప్పుడైతే తేలికగా చెప్పొచ్చు. కెమెరా లోపలి చుక్కల వరసలు, గుడ్డలోని దారాల వరసలు ఇంచుమించు ఒకే సన్నదనంలో ఉంటే ఒకదాన్నొకటి తొక్కి లేని అలలు పుట్టిస్తాయి. దాన్ని ఆపే పొర పెడితే ఫొటో కొంచెం మెత్తబడుతుంది. ఈ కెమెరాలో ఆ పొర తీసేశారు. దాని పదును, దాని జబ్బు ఒకచోటే ఉన్నాయి. ఆ అలల కింద ముళ్లు లెక్కకు అందవు. మందు ఒక్కటే, దగ్గరికి పోవడం. అంటే ఒక్కో మూల విడివిడిగా తీయాలి.

టార్పాలిన్ కింద వెలుతురు తక్కువ. చెయ్యి వణికితే సర్దే ఏర్పాటు దీంట్లో లేదు. ఊపిరి బిగబట్టి ఏనుగును తీశాను, కదిలింది. మళ్లీ తీశాను, వచ్చింది. నెమలి ఒక్కసారికే వచ్చింది. గుర్రం దగ్గర గాలికి అంచు లేస్తే యాదగిరి రెండు అరచేతులతో అదిమిపట్టాడు. అవతల నీళ్ల చప్పుడు ఆగింది.

సింహం మూలకు వంగేసరికి నా భుజం మీద చెయ్యి పడింది. నర్సమ్మ అవ్వ, తాత భార్య.

"బిడ్డా, ఆయన నెత్తి సూసి ఎన్నేండ్లాయెనో. నిద్రల సుత ఇప్పలె. తలపాగ లేని ముఖం ఒక్కటి తియ్యి నాకు."

తలపాగ కోసం నర్సింహ అప్పటికే అడుగులేస్తూ వస్తున్నాడు. రెండిట్లో ఒక్కదానికే వ్యవధి ఉంది. తలపాగ చుట్టేస్తే ఆ ముఖం దొరకదు, రుమాలు ఇచ్చేస్తే ఈ సింహం దొరకదు. ఫోనుతో తీయమని యాదగిరితో అనబోయాను. కానీ తలపాగ తాత తలమీద ఉండగానే అతను ఫోనుతో ప్రయత్నించి చూశాడు, ముళ్లన్నీ కలిసి ఎర్రముద్ద అయ్యాయి. నేను అతని వైపు చూశాను. అతను సింహం వైపు చూస్తున్నాడు. తర్వాత దాని మీది నుంచి చేతులు తీశాడు.

"పో అన్నా. అవ్వకు మల్ల దొరకదు."

జూమ్ లేని కెమెరా. తడి మట్టిలో మోకాళ్లూని ముఖానికి జానెడు దూరం దాకా వంగాను. కనుబొమల కింద ఎండకు మాడిన నలుపు, పైన పసిపిల్లవాడిలా తెల్లటి నుదురు. మెలి తిరిగిన మీసం. రెండుసార్లు నొక్కాను. లేచి చూస్తే నర్సింహ మంచం మీది రుమాలు తీసేసుకున్నాడు. సింహం మొదటి చుట్టులోనే లోపలికి పోయింది.

అంతా అయ్యేదాకా ఉన్నాం. మంట లేచినప్పుడు యాదగిరి అటు చూడలేదు. వచ్చేముందు అవ్వకు తెరమీద ముఖం చూపించాను. వేలితో నుదురు తడిమింది. "గింత తెల్లగున్నడా" అని మాత్రం అంది.

నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. స్టూడియోలో పెద్ద తెరమీద చూద్దామని యాదగిరీ నాతోనే ఎక్కాడు. దారంతా కెమెరా అతని చేతిలోనే ఉంది. ఏనుగు తొండంలో ముళ్లు గోటితో లెక్కపెడుతూ పోయాడు. ప్రతి దారం విడిగా ఉంది. ఇందుకోసమైతే దీన్ని కొనొచ్చు. పెళ్లిళ్లకు మాత్రం నా పెద్దదే ఉంచుకుంటాను. పరుగెత్తే పెళ్లివారి వెనక ఊపిరి బిగబట్టడం నావల్ల కాదు.

గుర్రం ముళ్లూ అయిపోయాయి. సింహం కూడా ఆ గుర్రం లెక్కలోనే ఉండి ఉంటుందని ఒక అబద్ధం అల్లబోయాను. అతను వినలేదు. తాత ముఖం తెరమీదికి తెచ్చి చూస్తున్నాడు.

"సింహాన్ని నేనే కడ్త అన్నా. బాపు సింహం గాదు, నాదే. దానికి తాత మీసాలు పెడత."

"సింహానికి మెలి మీసాలేందిరా?"

"ఉంటయి. జర దగ్గరికి గుంజు, ఎన్ని మెలికలున్నయో సూడాలె."

నేను గుంజాను. మీసం తెర నిండా వచ్చింది, వెంట్రుక వెంట్రుకా విడిగా.